అడ్డొచ్చిన వేలు

నవంబర్ 3, సోమవారం

బాపుకి కోటు తొడిగాడు నందు.

నల్ల కోటు, ఎర్ర టై, వెనకాల నీలం తెర. ఫోన్‌లో ఏదో యాప్ ఉందట. ఆధార్ కార్డు మీది ఫోటో ఇస్తే మనిషిని కొత్తగా చేసి ఇస్తుందట. ఇచ్చింది. పైవరసలో లేని పన్ను కూడా పెట్టింది. చెంపలు నున్నగా, కళ్లు తళతళా. నలభై ఏళ్లు కార్వాన్‌లో సుతిలి పురికొసలు, తాళ్లు అమ్ముకున్న మా నాన్న బాలకిషన్ నిన్న సాయంత్రం నుంచి బ్యాంకు మేనేజరు.

"మస్తుగున్నడు కదక్కా?" అన్నాడు.

"ఎవరు?" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. నాకు అంతకుముందే వచ్చి ఉంది. ఫోన్ తీసుకెళ్లి అమ్మకి చూపించాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌ని చేతికందినంత దూరం పట్టుకుని, చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నడు బిడ్డా. ఎవలాయన?"

నవ్వకూడదు. నవ్వాను. నందు మొహం చిన్నబోయింది.

"అయితే అసలుది నువ్వే తే. దినాం నీకే పంపుతుండె కద ఫోటోలు. నీ ఫోన్ల ఉంటయి గదా, ఏదో ఒకదాంట్ల బాపు పడే ఉంటడు, తీ!" అన్నాడు.

మేడ మీదికి వచ్చేశాను.

డిసెంబర్ రెండున బాపు సంవత్సరీకం. మా ఇంట్లో పటం ఏడాది తిరిగాకే గోడెక్కుతుంది, అప్పటిదాకా స్టూలు మీదే. పదకొండో రోజు హడావుడిలో ఆధార్ ఫోటోనే పెద్దది చేయించి పెట్టాం. అందులో బాపు దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిలా ఉన్నాడు. వచ్చిన చుట్టాలు దండం పెట్టబోయి, ఆగి, మా మొహాల వంక చూశారు. గోడెక్కిన పటాన్ని మా ఇంట్లో మార్చరు. ఏ మొహం ఎక్కితే బాపుకి ఇక అదే మొహం. ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది.

నవంబర్ 4

పోయినేడు ఫోన్ హ్యాంగయితే రిపేరుకిచ్చాను. వాడు మొత్తం తుడిచేశాడు. బాపు ఫోటోలు అలా పోయాయి. నందు మళ్లీ అడిగితే ఇదే చెప్పాలి.

నవంబర్ 5, బుధవారం

సెలవు. కార్తీక పున్నమి, అయినా ఏడు తిరగలేదు కాబట్టి ఇంట్లో దీపాల్లేవు.

నందు పెళ్లి ఆల్బం దించాను. మొత్తం తిరగేస్తే మూడు చోట్ల బాపు ఉన్నాడు. ఒకచోట వంగి ఎవరికో నీళ్లు పోస్తున్నాడు. ఒకచోట సగం మొహానికి వీడియో వాడి లైటు అడ్డం. మూడోచోట వీపు. ఆ ఫోటోగ్రాఫర్ వంట మనిషిని నాలుగుసార్లు తీశాడు, వాడి మొహం మండ. బాపుది కూడా తక్కువేం లేదు. ఎవరు కెమెరా పైకెత్తినా "నేను తీస్తా, మీరు నిలబడుండ్రి" అని లాక్కునేవాడు. నిలబడిన వాళ్లం మేం మిగిలాం.

పాలకి వెళ్తే సాయిలు పిలిచాడు. గల్లీ మొదట్లో చాయ్ బండి ఆయనదే. బాపుకి చిన్నప్పటి దోస్తు.

"బిడ్డా, శుక్రారం గా సిన్మా వస్తుందట. మన గల్లీల తీసిన్రు సూడు, ముందటేడు. అండ్ల మీ బాపు ఉన్నడు."

"ఎక్కడ?"

"నా బల్ల మీద! గా అసిస్టెంటు పోరడు లేవమని లొల్లి చేసిండు. డైరెక్టరే వద్దన్నడు. ముసలాయన న్యాచురల్‌గున్నడు, ఉండనీ అన్నడు. నేను పక్కనే ఉంటి."

పాలు తీసుకోకుండానే ఇంటికొచ్చాను. కోటు లేని బాపు, పన్ను లేని బాపు, కదులుతున్న బాపు, అంత పెద్ద తెర మీద! ఒక్క ఫోటో పట్టుకుంటే చాలు. నందు యాప్ మొహాన కొడతాను.

షూటింగ్ రోజు నేను కూడా ఆ గల్లీలోనే ఉన్నాను. దాని గురించి ఇప్పుడు రాయాల్సిన పనేం లేదు.

నవంబర్ 6

కంచన్‌బాగ్‌లో మా రక్షణశాఖ ఆఫీసు గేటు దగ్గర పొద్దున్నే ఫోన్ ఇచ్చేసి టోకెన్ తీసుకోవాలి. లోపల కెమెరా ఉన్నది ఏదీ ఉండకూడదు. పదకొండేళ్లుగా అలవాటు. ఎనిమిది గంటలు ఎవరూ ఎవర్నీ ఫోటో తీయని చోట రిపోర్టులు టైపు చేస్తాను. మామూలుగా హాయిగా ఉంటుంది. ఇవాళ మాత్రం గడియారం కదల్లేదు. బయటికొచ్చి బస్‌స్టాపులో నిలబడి ట్రైలర్ పదకొండుసార్లు చూశాను. మా గల్లీ అర సెకను ఉంది. అందులోనూ సగం పచ్చటి పొగ.

ఫోన్ నిండిపోతే పాతవి దానంతట అదే తీసేస్తుందని ఆఫీసులో ఎవరో అన్నారు. అలా కూడా జరిగి ఉండొచ్చు.

నవంబర్ 8, శనివారం

చూశాం. రాయకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

ఏడు తిరగకుండా అమ్మ సినిమాకి వస్తుందనుకోలేదు. పక్కింటావిడ గుమ్మంలోనే అడిగేసింది, "సుగుణమ్మా, సిన్మాకా?" అని. అమ్మ చెప్పులు వేసుకుంటూ, "సిన్మాకు పోతలేను. మా ఆయనను సూడ పోతున్న" అంది.

మా పక్క థియేటర్లన్నీ ఫంక్షన్ హాళ్లయిపోయాయి కదా, మూసీ దాటి మాల్‌కి వెళ్లాం. అమ్మ కదిలే మెట్లు ఎక్కనంది. నందు చెయ్యి పట్టుకుని మామూలు మెట్ల మీద మూడంతస్తులు ఎక్కించాడు.

ఇక సినిమా. అయ్యో రామా. ఆ పాతబస్తీలో సరుకు అమ్మేవాడు ఒక్కడూ లేడు. అందరూ ఏదో ఒక కత్తి నూరుతూ ఉంటారు. ప్రతి మేడ మీదా పావురాలు, ప్రతి గల్లీలో పొగ. ట్యూషన్ బోర్డు లేదు, పొంగిన మోరీ లేదు, స్కూలు ఆటో లేదు. హీరో ఎక్కడినుంచో వచ్చి మాటకొక "గిట్ల" చల్లుతాడు. హీరోయిన్ మాలాంటి గల్లీలోనే ఉంటుంది, పొద్దున లేవగానే లిప్‌స్టిక్‌తో లేస్తుంది. నేను ఇక్కడే పుట్టాను, ముప్పై ఆరేళ్లొచ్చాయి, ఈ ఊరెక్కడుందో నాకు తెలియదు. జనం ఈలలు వేస్తున్నారు.

ఇంటర్వెల్ అయ్యాక సాయిలు బండి వచ్చింది. దానికి కొత్త బోర్డు తగిలించారు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. హీరో నడుచుకుంటూ వచ్చాడు, ఆగాడు, సిగరెట్ తీశాడు. వెలిగించాడు.

వెలిగించగానే తెర కింద ఎడమ మూలన తెల్లటి అక్షరాలు పడ్డాయి. పొగతాగడం ఆరోగ్యానికి హానికరం.

ఆ మూలనే బల్ల. ఆ బల్ల మీదే బాపు. "ఆరోగ్యానికి" అనే మాట సరిగ్గా బాపు మొహం మీద!

జన్మలో బీడీ ముట్టని మనిషి. ఆయన మొహం మీద.

అక్షరాల పైన రెండు చేతులు మాత్రం కనిపించాయి. అడ్డంగా పట్టుకున్న ఫోన్, ఎప్పట్లాగే లెన్సుకి అడ్డంగా ఎడమ చూపుడువేలు. సుతిలిని వేలికి చుట్టి తెంపి తెంపి పడిన గాటు అంత పెద్ద తెర మీద స్పష్టంగా కనిపించింది. మూడు సెకన్లు. ఆ తర్వాత ఎవడో గాల్లోకి లేచి బల్ల మీద పడ్డాడు.

అమ్మ లేచి నిలబడింది. "అగో! అగో చెయ్యి! నందూ, మీ బాపు చెయ్యి!"

వెనకనుంచి ఎవరో "కూసో అమ్మా!" అని అరిచారు. అమ్మ కూర్చుంది.

బయటికొచ్చాక నందు, "మొకం కనవడలే కదక్కా" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే తిట్టబుద్ధి కూడా కాలేదు.

"చెయ్యన్న కనవడ్డది" అంది అమ్మ.

ఆ హీరో ఒక్క మూడు సెకన్లు ఆగి వెలిగించుకుంటే వాడి సొమ్మేం పోయేది?

నవంబర్ 9

నందు యాప్‌లో కోటు తీసేసి తెల్ల చొక్కా వేశాడు. చూడలేదు.

నవంబర్ 11, మంగళవారం

సగం రోజు సెలవు పెట్టి మ్యాట్నీకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆడుతున్నది ఇంకెన్నాళ్లో తెలియదు. హాల్లో పందొమ్మిది మంది ఉన్నారు, లెక్కపెట్టాను. మొహం లేకపోతే మానె, ఆ చేతులైనా ఫోన్‌లోకి ఎక్కించుకుందామని ముందు వరసలో కూర్చున్నాను. హీరో సిగరెట్ తీయగానే ఫోన్ ఎత్తాను. నొక్కాను. పడింది. మసకగా, వంకరగా, కానీ పడింది.

అంతలోనే మొహం మీద టార్చి.

బయటికి తీసుకెళ్లారు. మేనేజరు కుర్రవాడే, మర్యాదగానే ఉన్నాడు.

"రికార్డింగ్ చేస్తున్నరా మేడమ్?"

"ఒక్క ఫోటో. మా బాపు ఉన్నడు అండ్ల. పోయిండు ఆయన."

"అందరు గట్లనే చెప్తరు మేడమ్. కజిన్ ఉన్నడు, ఫ్రెండ్ ఉన్నడు అని. నా నౌకరీ పోతది. నా ముందే డిలీట్ చేయండి ప్లీజ్. గా రెండో డబ్బల్నించి గూడ."

చేశాను. ముందు ఫోటో, తర్వాత తీసేసినవి దాచే చోటునుంచి కూడా. మూడు నొక్కులు. నా వేలు ఎక్కడా తడబడలేదు. అతను నవ్వి, "మీకు మస్తు అలవాటున్నట్టున్నది మేడమ్, టకటక చేసేసిన్రు" అన్నాడు.

బస్సులో కూర్చున్నదగ్గర్నుంచి అదే మాట వినిపిస్తోంది.

నవంబర్ 12

ఫోన్ రిపేరుకి ఇవ్వలేదు.

నవంబర్ 15, శనివారం

ఫోన్ రిపేరుకి ఇవ్వలేదు. దానంతట అది ఏదీ తీసేయలేదు. నా నోట్‌బుక్‌లో నేనే అబద్ధాలు రాసుకుంటే ఇక నిజం ఎక్కడ రాయను? నేనే తీసేశాను.

బాపుకి కెమెరా ఫోన్ కొనిచ్చింది నందు. ఆ రోజునుంచి మొదలు. దుకాణంలో తరాజు, ఎదురింటి మేక, తొలివాన, అమ్మ చాట, నా టిఫిన్ డబ్బా, బస్సు దిగుతున్న నేను, జడ విప్పుకుంటున్న నేను, అన్నం తింటున్న నేను. ప్రతి దాంట్లో వేలు అడ్డం.

"బాపూ, వేలు అడ్డమొస్తున్నది."

"ఏడ?"

"ఇగో, ఎర్రగ."

"అది వేలా? ఎండనుకున్న నేను."

రోజుకి ముప్పై పంపేవాడు. నేను లోపల ఉన్నంతసేపూ ఫోన్ గేటు దగ్గర ఉంటుందని తెలుసు. సాయంత్రం టోకెన్ ఇచ్చి తీసుకోగానే అన్నీ ఒకేసారి చూస్తానని ఆయన ఆశ. నేను తీసుకోగానే ఫోన్ జాగా లేదని మొత్తుకునేది. బస్సు ఎక్కడుందో చూద్దామంటే తెరుచుకునేది కాదు. ఎంత చిరాకు పడేదాన్నో దేవుడికి తెలుసు.

షూటింగ్ రోజు నేను వచ్చేసరికి గల్లీ నిండా జనం. దుకాణం మూసేసి పొద్దున్నుంచీ ఆ బల్ల మీదే ఉన్నాడట. అన్నం తినలేదు, షుగరు గోలీ వేసుకోలేదు. అమ్మ ఇంట్లో ఏడుస్తోంది. నాకు మండింది. తాడు దాటుకుని వెళ్లి అందరి ముందూ అరిచాను. ఏమన్నానో ఒక్క అక్షరం మరిచిపోలేదు.

"ఇంటికి నడువ్ బాపూ! సిగ్గు లేదా, చిన్న పిల్లగాని లెక్క! ఎవలకు గావాలె నీ ఫోటోలు?"

సాయిలు తల తిప్పుకున్నాడు. బాపు నవ్వి, ఫోన్ పైకెత్తి, తిడుతున్న నన్ను కూడా ఒకటి తీశాడు. తర్వాత లేచి నా వెనకాలే వచ్చాడు.

ఆ సాయంత్రం అరవై ఒక్క ఫోటోలు పంపాడు. మర్నాడు బస్సులో వాటితోపాటు మూడేళ్ల నుంచి పంపినవన్నీ పట్టి తీసేశాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను కూడా. "బాపూ, నువ్వు పంపినయన్నీ తీసేసిన. ఇప్పుడు ఫోన్ మంచిగ నడుస్తున్నది."

"మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత పది నెలలు బతికాడు. నాకు ఒక్క ఫోటో పంపలేదు. నేను గమనించనేలేదు. ఫోన్ బాగా నడుస్తోందనుకున్నాను, అంతే.

పదకొండో రోజు అయ్యాక బాపు ఫోన్‌ని నందు ఖాళీ చేసి దుకాణంలో పెట్టుకున్నాడు. అది తెలిసి రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. బుద్ధి లేదన్నాను, బాపుని రెండోసారి చంపావన్నాను. వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. నేను చేసింది వాడికి ఇప్పటికీ తెలియదు.

రాశాను. రాస్తే ఏదో దిగిపోతుందంటారు. ఏమీ దిగలేదు.

నవంబర్ 18

శుక్రవారమే సినిమా ఎత్తేశారట. ఫోన్లలోకి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినా ఆ అక్షరాలు అక్కడే ఉంటాయి. దుకాణంలో సీసీ కెమెరా ఉంది కదా అన్నాడు సాయిలు. అది పదిహేను రోజులకోసారి పాతదాని మీద కొత్తది ఎక్కించుకుంటుంది. అందులో ఇప్పుడు నందు ఆవలిస్తున్నాడు.

ఇంకా పద్నాలుగు రోజులు.

నవంబర్ 22, శనివారం

ఆధార్ ఫోటోనే కాస్త మనిషిలా చేయించుదామని ప్రేమ్‌రాజ్ స్టూడియోకి వెళ్లాను. గల్లీ చివర, కిందికి నాలుగు మెట్లు దిగాలి. గోడ నిండా ఎప్పటివో పెళ్లికూతుళ్లు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"వస్తరు వస్తరని ఏడాది సంది చూస్తున్న. సేట్ ఫోటోలకే గదా?"

"బాపు ఫోటోలున్నయా మీ దగ్గర?"

"ఆయనయి కావు. ఆయన తీసినయి."

అర్థం కాలేదు. కుర్చీ జరిపి కంప్యూటర్ తెరిచాడు. పేరు పెట్టి దాచాడు, "సుతిలి సేట్" అని.

బాపు ప్రతి ఆదివారం ఫోన్ తీసుకుని ఇక్కడికి వచ్చేవాడట. ప్రేమ్‌రాజ్ వైరు పెట్టి ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. వాటిలో నాలుగో ఐదో బాపు ఏరి కాగితం మీద కడగమనేవాడు, ప్రింటు వేయమని. "వేలు తీసేసి కడుగు ప్రేమ్‌రాజ్, బిడ్డకు వేలు నచ్చదు" అనేవాడట. ప్రేమ్‌రాజ్ వేలున్న మేర కోసేసి, మిగిలింది సరిచేసి ఇచ్చేవాడు. కోయకముందువి మాత్రం తీసేయలేదు. ఈయన ఏదీ తీసేయడట. గిరాకీ ఎప్పుడు తిరిగొచ్చి ఏం అడుగుతాడో తెలియదట.

"ఎప్పటి నుంచి?"

"గా షూటింగ్ అయినంక. గప్పుడే మొదటిసారి వచ్చిండు. కాయితం మీదెందుకు సేట్, ఫోన్ల పంపొచ్చు గదా అన్న. బిడ్డ ఫోన్ల జాగ లేదు ప్రేమ్‌రాజ్, నా దుకాణంల మస్తు జాగ ఉన్నది అన్నడు."

నేను గోడ వైపు తిరిగి పెళ్లికూతుళ్లను చూశాను. ప్రేమ్‌రాజ్ ఫ్యాను పెంచాడు.

"మరి చెప్పకపోతిరి, ఏడాది సంది!"

"నేనే వచ్చి చెప్తే గిరాకీ కోసం వచ్చిండనుకుంటరు అమ్మా. సచ్చిన ఇంటికి గట్లెట్ల వస్త?"

షూటింగ్ నాటి అరవై ఒక్కటీ చూశాను. ఒక్కదాంట్లోనూ హీరో లేడు. సాయిలు కెటిల్ ఉంది. లైట్లు మోసే పిల్లలు గోడకానుకుని అన్నం తింటున్నారు. కెమెరా కింద నీడలో కుక్క పడుకుంది. అసలైన గల్లీ అంతా అక్కడుంది. చిట్టచివరిది నేను. నోరు తెరిచి, చెయ్యెత్తి, చున్నీ జారిపోయి. ఎడమవైపు మూడో వంతు బాపు వేలు. మసకే, కానీ గాటు తెలుస్తోంది, అడ్డంగా నల్లటి గీత.

నవంబర్ 23, ఆదివారం

దుకాణంలో అటక మీద, గోనె కట్టల వెనక దొరికింది. అట్ట పెట్టె. దాని చుట్టూ సుతిలి, బాపు వేసే రెండు పేటల ముడి. నందు దాన్ని పాత బిల్లులనుకున్నాడట.

ముడి విప్పేముందు వాడికి చెప్పేశాను. నేనే తీసేశానని. రిపేరు కాదు, ఏం కాదు, నా చేత్తో నేనే అని. అరుస్తాడనుకున్నాను. అరవాలని కూడా అనుకున్నాను.

వాడు సుతిలి ఉండ ఒకటి చేతిలో తిప్పుతూ, "రెండు నెల్లు నాతోని మాట్లాడకపోతివి గదక్కా నువ్వు" అన్నాడు. పెట్టెకి రెండో పక్క పట్టుకున్నాడు.

నూట డెబ్బై పైచిలుకు. వెనకాల తేదీలు, బాపు రాతలో. మార్చి, ఏప్రిల్, వానాకాలం, దసరా. అంటే తీయడం మానలేదు. పంపడమే మానాడు. నేను బస్సు దిగుతున్నాను. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. నేను చాయ్ ఊదుకుంటున్నాను. అమ్మ అక్కడక్కడా, నందు ఓ పది. ఎంత శుభ్రంగా ఉన్నాయో! ఎక్కడా వేలు లేదు. నాకు నచ్చినట్టే కోయించాడు.

దాదాపు అన్నిట్లోనూ నేనే. ఏం చేసుకోను నన్ను?

నవంబర్ 27

ఇవాళ ఇంట్లో పెద్ద లొల్లి.

ఆ చివరి ఫోటో, వేలున్నది, అలాగే పటం కట్టిద్దామన్నాను. నందు లేచి నిలబడ్డాడు.

"బతికున్న మనిషికి దండ ఏస్తరా? పిచ్చి లేసిందా నీకు?"

"నాకు కాదు, వేలికి."

"వేలు పక్కన నువ్వే ఉంటివి గదా నోరు తెరుసుకొని!"

అమ్మ "శివ శివ" అని చెంపలు వేసుకుంది. నాకూ తెలుసు, అలా చేయరు. తెలిసీ గంటసేపు వాదించాను. ఎందుకో కూడా తెలుసు. నా కోపం గోడ మీద ఉండాలి, వచ్చేపోయే వాళ్లందరూ చూడాలి, అని.

"నిన్ను సూసుకుంట ఏడ్వాలంటే అద్దంల సూసుకో. మీ నాయిన పటం మీద నీ ఏడుపెందుకు?" అంది అమ్మ.

నవంబర్ 29, శనివారం

"గన్నిసార్లు వేలు కోసి మనుషులను ఉంచిన. ఇయ్యాల మనిషిని కోసి వేలు ఉంచుమంటున్నరా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"అవును."

నన్ను కోసేశాడు. ముందు చెయ్యి పోయింది, తర్వాత నోరు, తర్వాత చున్నీ. చూస్తూ కూర్చున్నాను, ఏమీ బాధ అనిపించలేదు. మిగిలింది ఎర్రటి మసక, అందులో నల్లటి గీత, అంచున సాయిలు బల్ల కొస. తెలియనివాళ్లకి అది ఏమీ కాదు.

ఇంటికొస్తే నందు ఫోన్ చూపించాడు. "పన్ను గూడ తీసేసిన అక్కా." చూశాను. బాపుకి ఊడింది ఎడమది. వీడి యాప్ కుడిది ఊడగొట్టింది. వాడూ చూసుకున్నాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఈ ఏడాదిలో ఇద్దరం కలిసి నవ్వింది ఇదే.

ఆ తర్వాత వాడే యాప్ తీసిపారేశాడు. ఆధార్ ఫోటో ఉన్నది ఉన్నట్టే ఉండనిద్దామన్నాడు. దొంగ మొహమైనా బాపు మొహమే. దాని పక్కన వేలు. రెండూ ఒకే సైజు చట్రాలు.

"సుట్టాలు గిదేంది అంటే ఏమని చెప్పాలె?"

"బాపు అని చెప్పు."

"మొకమో?"

"అది కూడా బాపే."

డిసెంబర్ 2, మంగళవారం

అయిపోయింది.

అయ్యగారు రెండో పటం చూసి, "గిది ఎలిసిపోయింది గదమ్మా, మార్పియ్యకపోయిన్రు" అన్నారు. నందు నా వంక చూశాడు. నేను నేల చూశాను. ఒక అత్తయ్య ఇంకో అత్తయ్య చెవిలో ఏదో అంది.

అమ్మ గంధం గిన్నె పట్టుకుని వచ్చింది. మొదటి పటంలో బాపు నుదుట బొట్టు పెట్టింది, కుంకుమ అద్దింది. తర్వాత రెండో దాని ముందు నిలబడింది. దానికి నుదురు లేదు. అమ్మ వేలు గంధంతో అద్దం మీద అటూ ఇటూ కాసేపు తిరిగింది. అందరూ చూస్తున్నారు. సాయిలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నవాడు అలాగే ఆగిపోయాడు.

ఆ నల్ల గీత దొరికింది అమ్మకి. దాని మీద పెట్టింది బొట్టు.

"గీ గాటుకు ఎన్నిసార్లు నూనె రాసిన్నో" అంది, ఎవరితోనూ కాదు. వేలు తీయలేదు. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. గొంతెత్తే ఏడ్చాను. గిన్నెల చప్పుడు చేయలేదు, నీళ్లు వదల్లేదు, ఎవరు వింటే ఏంటి? ఎవలకు గావాలె నీ ఫోటోలు అన్నాను కదా. నాకే కావాలి బాపూ. నాకే.

డిసెంబర్ 3

ఐదున్నరకి గేటు దగ్గర టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకున్నాను. అక్కడే నిలబడి తెరిచి చూశాను. ఏమీ రాలేదు. జాగా మాత్రం మస్తు ఉంది.